అమెరికా వాళ్ల చదివింపుల పుస్తకం

మేముండే ఒహాయో ఊళ్లో మురుగునీటి పైపులు మార్చాలని మునిసిపాలిటీ వాళ్లు చాన్నాళ్లుగా అనుకుంటున్నారు. తాతల కాలం నాటి మట్టిపైపులవి. ఇందులో వింతేమీ లేదు. ఆ పైపులకు డబ్బు కావాలని మా ప్రాంతం నుంచి వాషింగ్టన్‌కి ఎన్నికైన సభ్యుడు రాసిన ఉత్తరం ఎవరైనా చదువుకునేలా బయట పెట్టి ఉండటమే వింత. ఏ పని, ఎంత డబ్బు, అది ఎవరి చేతికి చేరాలి, జనం కట్టిన పన్ను దీనికెందుకు పెట్టాలి, అన్నీ ఉన్నాయందులో. దాంతోపాటు ఇంకో సంతకం కాగితం: ఈ పనిలో నాకు గాని, నా ఇంటివాళ్లకు గాని ఆర్థికంగా ఏ లాభమూ లేదు అని.

మార్కాపురంలో పుట్టి పెరిగినవాణ్ణి. అర్జీ అంటే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. పొద్దున్నే నాయకుడి ఇంటి ముందు నిలబడాలి. ఆయన కాగితం అందుకుని, మడత విప్పకుండానే పక్కనున్న పీఏ చేతికిచ్చి, "చూద్దాంలే" అంటాడు. ఆ తర్వాత ఆ కాగితం ఏమైందో చెన్నకేశవస్వామికి, ఆ పీఏకి తెలియాలి. మనకు మాత్రం శంకుస్థాపన రోజున శిలాఫలకం కనబడుతుంది. డబ్బు ఎవరు అడిగారు, ఎప్పుడు అడిగారు, అడగ్గా వచ్చిందెంత అన్నది ఆ రాతి మీద ఉండదు.

ఈ ఉత్తరం ఎక్కడ మొదలైందో చూద్దామని వెనక్కి తవ్వుకుంటూ పోతే దీపస్తంభం దగ్గర తేలాను.

ఇక్కడ ఖజానా తాళంచెవి కాంగ్రెస్‌ది. కాంగ్రెస్ అంటే పార్టీ కాదు, వాళ్ల పార్లమెంటు. చట్టం చేసి పద్దు రాస్తే తప్ప ఖజానాలోంచి డాలరు కదలకూడదని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. 1789లో కొత్తగా కొలువుదీరిన ఆ సభ మొదటి నెలల్లోనే తీరంలోని దీపస్తంభాల బాధ్యత తలకెత్తుకుంది. పోర్ట్‌లాండ్ దగ్గర సగం కట్టి వదిలేసిన దీపస్తంభం ఒకటుంటే, దాన్ని పూర్తి చెయ్యడానికి మరుసటేడు 1,500 డాలర్లు ఇచ్చారు. 1791 జనవరిలో దాంట్లో దీపం వెలిగింది. ఒక ఊరు, ఒక పని, ఇంత డబ్బు. మా మురుగు పైపుకి ముత్తాత అదే.

దీపం దగ్గర ఎవరికీ పేచీ లేదు, ఓడలు అందరివీ కాబట్టి. రోడ్లు, కాలవల దగ్గరికి వచ్చేసరికి గొడవ మొదలైంది. రాజ్యాంగం రాసిన పెద్దల్లో ఒకడైన మాడిసన్, అధ్యక్ష పదవి నుంచి రేపు దిగిపోతాడనగా 1817లో రోడ్లకూ కాలవలకూ డబ్బిచ్చే బిల్లును తిప్పి పంపాడు. రోడ్లు వద్దని కాదు, ఆ అధికారం మనం రాసిన కాగితంలో లేదని. 1830లో అధ్యక్షుడు జాక్సన్ ఇంకో బిల్లును తిప్పి పంపాడు. అది మేజ్‌విల్ నుంచి లెగ్జింగ్‌టన్ దాకా అరవై మైళ్ల రోడ్డు, మొత్తం కెంటకీ రాష్ట్రంలోనే ఉంది, దీనికి దేశం డబ్బెందుకు అన్నాడు. ఆ కెంటకీ ఆయన ప్రత్యర్థి హెన్రీ క్లే సొంత రాష్ట్రం కావడం యాదృచ్ఛికమని నమ్మేవాళ్లు నమ్మొచ్చు. ప్రకాశం జిల్లా రాజకీయం చూసి పెరిగిన నేను నమ్మలేను.

దీనికి నాకు నచ్చిన జవాబు లింకన్‌ది. అప్పటికి ఆయన అధ్యక్షుడు కాదు, ఒక్క విడత మాత్రమే ప్రతినిధుల సభలో కూర్చున్న పొడుగాటి లాయరు. 1848లో సభలో లేచి తమ ఇలినాయ్ కాలవ సంగతి ఎత్తుకున్నాడు. కాలవ ఒక్క రాష్ట్రంలోనే ఉంది, నిజమే. కానీ న్యూ ఆర్లీన్స్ పంచదార ఆ దారిన పోతే ఎక్కడో ఉన్న బఫలోలో చవగ్గా దొరుకుతుంది, మరి లాభం ఎవరిది అని అడిగాడు. పూర్తిగా ఒక్కచోటికే మేలు చేసే పని అంటూ ఏదీ ఉండదని ఆయన వాదం. శ్రీశైలం నీళ్లు కొండ తొలిచి ఇవతలికి తేవాలని మనవాళ్లు వాదించినప్పుడు ఈ పంచదార ముక్క చేతిలో ఉంటే బాగుండేది.

ఆ తర్వాత డెబ్బై ఎనభై ఏళ్ల కథ నదులు, రేవులు, మళ్లీ నదులు. 1882లో ఆర్థర్ అనే అధ్యక్షుడు రేవుల బిల్లును తిప్పి పంపితే, రెండు సభలూ మరుసటి రోజే ఆయన మాట కొట్టేసి దాన్ని చట్టం చేశాయి. అంత తొందర ఎందుకంటే ఆ బిల్లులో చాలామంది సభ్యుల ఊళ్లున్నాయి.

ఇట్లా పేరు పెట్టి రాయించుకునే పద్దును ఇక్కడ ఇయర్‌మార్క్ అంటారు. మనకు ఇది అర్థంకాని విషయమేం కాదు. పెళ్లి పందిట్లో ఓ మూల బల్ల వేసుకుని, నోటుపుస్తకం తెరిచి కూర్చునే చిన్నాన్నను తలుచుకోండి. ఫలానా వారి చదివింపులు నూటపదహార్లు అని మైకులో చదవడం, పుస్తకంలో రాయడం. పెళ్లయ్యాక ఆ పుస్తకం బీరువాలోకి పోతుంది. ఐదేళ్ల తర్వాత ఆ ఫలానా వారింట్లో పెళ్లి పిలుపు వస్తే అమ్మ ముందు ఆ పుస్తకమే తీస్తుంది. వాళ్లు మనకెంత చదివించారో చూసి, ధరలు పెరిగాయి కదా అని కాస్త కలిపి, కవరులో పెడుతుంది. వాషింగ్టన్‌లోనూ ఇదే వరస. నా రేవుకి నువ్వు ఓటేశావు, నీ వంతెనకు నేను వేస్తాను. తేడా ఒకటే. మన పుస్తకంలో పేర్లుంటాయి. వాళ్ల పుస్తకంలో చాలాకాలం పద్దులే తప్ప, రాయించింది ఎవరో ఉండేది కాదు.

2005లో ఆ పుస్తకం మరీ లావెక్కింది. ఆ ఏడు చేసిన రహదారుల చట్టంలో ఇలాంటి పద్దులు ఆరువేలు దాటాయి. దాన్ని నడిపించిన సంఘానికి అధ్యక్షుడు అలాస్కా సభ్యుడు డాన్ యంగ్. ఆ చట్టం పొట్టిపేరు చివర తన భార్య లూ పేరు వచ్చేలా కూడా చూసుకున్నాడు. మనవాళ్లు వాటర్‌ట్యాంకుకి నాయనమ్మ పేరు పెడితే నవ్వుతాం గానీ, దేశపు చట్టానికే ఇల్లాలి పేరు తగిలించడం మనవాళ్లకింకా తట్టలేదు.

ఆ చట్టంలోదే కెచికన్ వంతెన. కెచికన్ అలాస్కాలో ఒక ద్వీపం మీద ఊరు. వాళ్ల విమానాశ్రయం ఎదురుగా గ్రవీనా అనే ఇంకో ద్వీపం మీద ఉంది. మధ్యలో సన్నటి సముద్రపు పాయ, పడవెక్కితే కొన్ని నిమిషాలు. గ్రవీనా మీద కాపురముండేది యాభై మంది. ఈ పాయ మీద వంతెనకు 22 కోట్ల 30 లక్షల డాలర్లు రాశారు. కింద నుంచి పెద్ద విహార నౌకలు పోవాలి కాబట్టి ఆకాశమంత ఎత్తున కట్టాలన్నారు. దేశమంతా దానికి ఎక్కడికీ పోని వంతెన అని పేరు పెట్టింది.

అదే ఏడు ఆగస్టులో కత్రినా తుపాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచింది. ఓక్లహోమా సెనేటర్ టామ్ కోబర్న్ లేచి, ఈ వంతెన డబ్బు అక్కడ కూలిన వంతెనకు మళ్లిద్దాం అన్నాడు. పందిట్లో చదివింపులు జోరుగా సాగుతుంటే ఒకాయన మైకు లాక్కుని, ఈ డబ్బంతా వరద బాధితులకు ఇచ్చేద్దాం అంటే ఎట్లా ఉంటుంది? అట్లానే అయింది. అలాస్కా సెనేటర్ టెడ్ స్టీవెన్స్, అదే జరిగితే నేను రాజీనామా చేస్తానని కేకలు వేశాడు. ఓటింగు పెడితే కోబర్న్ వైపు పదిహేను మంది, అవతల ఎనభై రెండు మంది. ఆ ఎనభై రెండు మందికి అలాస్కా మీద ప్రేమేమీ లేదు. ఇవాళ ఆయన పద్దు కొట్టేస్తే రేపు మన పద్దు కొట్టేస్తారన్న లెక్క. చివరికి 2007లో ఆ రాష్ట్ర గవర్నరే వంతెన ఆపేశారు. వంతెన దిగాల్సిన చోటికి గ్రవీనా మీద మూడు మైళ్లకు పైగా రోడ్డు మాత్రం వేసేశారు. ఆ రోడ్డింకా ఉంది.

ఈ కథ చెప్పి ఇక్కడివాళ్లు కడుపుబ్బ నవ్వుతారు. యాభై మందికి వంతెనా అని. నాకు పూర్తిగా నవ్వు రాదు. పెద్ద దోర్నాల, యర్రగొండపాలెం పైన నల్లమలలో చెంచుగూడేలున్నాయి. ఒక్కో గూడెంలో ఎంతమంది ఉంటారు? తలలెంచి రోడ్డు వెయ్యాలంటే వాళ్లకు ఎప్పటికీ రోడ్డు రాదు.

అయినా ఆ పుస్తకాన్ని మూయించింది వంతెన ఒక్కటే కాదు. కాలిఫోర్నియా సభ్యుడు రాండీ కనింగ్‌హామ్ రక్షణశాఖ కాంట్రాక్టులు ఇప్పించినందుకు 24 లక్షల డాలర్లు మేశానని 2005 నవంబరులో కోర్టులో ఒప్పుకున్నాడు. ఎంత కాంట్రాక్టుకి ఎంత లంచమో కాంగ్రెస్ ముద్ర ఉన్న కాగితం మీదే హోటల్ ధరల పట్టీలాగా రాసిచ్చాడట. ఎనిమిదేళ్ల పైన జైలు పడింది. సరిగ్గా మరుసటి నెల, డిసెంబరులో, మన దగ్గర ఒక టీవీ చానెల్ రహస్య కెమెరాలో ఎంపీ నిధుల పనులకు కమీషన్ మాట్లాడుకుంటున్న ఎంపీలు దొరికారు. భూగోళానికి ఆ చివరా ఈ చివరా ఒకే రుతువులో ఒకే పంట.

ఎంపీ నిధులు అన్నాక మన ప్రాంతపు గొప్ప ఒకటి చెప్పకుండా ఉండలేను. ఆ పథకాన్ని 1993 డిసెంబరు 23న పార్లమెంటులో ప్రకటించింది పి.వి. నరసింహారావు గారు. అప్పుడాయన నంద్యాల ఎంపీ. ఆ రోజుల్లో మన గిద్దలూరు నంద్యాల లోక్‌సభ కిందే ఉండేది. అంటే దేశంలో ప్రతి ఎంపీకీ సొంత నియోజకవర్గం కోసం డబ్బు కేటాయించిన మనిషి గిద్దలూరు ఓట్లతో కూడా గెలిచినవాడే. మొదటేడు ఐదు లక్షలు, మరుసటేడు కోటి, తర్వాత రెండు కోట్లు, 2011 నుంచి ఐదు కోట్లు. కరోనా వచ్చినప్పుడు కొన్నాళ్లు ఆపేశారు. ఎంపీ డబ్బు ముట్టుకోడు. సిఫారసు మాత్రమే చేస్తాడు, మంజూరు చేసేది కలెక్టరు.

అమెరికా వాళ్లేం చేశారంటే, 2007లో పేర్లు రాయడం మొదలుపెట్టి, 2011లో అసలు పుస్తకమే మూసేశారు. పదేళ్లు ఇయర్‌మార్కులు లేవు. అడగడం ఆగిందా? ఆగలేదు. శాఖల అధికారులకు ఫోన్లు, ఉత్తరాలు వెళ్లాయి, ఎవరి కంటా పడకుండా. అంతకంటే తెరిచి ఉంచడమే నయమని 2021లో మళ్లీ తీశారు, ఈసారి కమ్యూనిటీ ప్రాజెక్ట్ ఫండింగ్ అని మర్యాదైన పేరుతో. ప్రతినిధుల సభలో మొదట మనిషికి పది అర్జీలన్నారు, తర్వాత పదిహేను చేశారు. ప్రైవేటు కంపెనీకి ఇవ్వకూడదు. ఊరివాళ్లు కావాలంటున్నారని రుజువు చూపాలి. నేను చూసిన సంతకం కాగితం ఈ నిబంధనలదే. మొదటేడే 4,900కు పైగా పనులు, తొమ్మిది వందల కోట్ల డాలర్ల పైచిలుకు.

ఈ తెరిచి ఉంచడం నాకు నచ్చింది, ఒప్పుకుంటాను. కానీ పంపకం విషయంలో మన పద్ధతే ధర్మంగా ఉంది. మన దగ్గర అధికార పక్షమైనా, ప్రతిపక్షమైనా, నిన్న గాక మొన్న గెలిచినా అందరికీ అదే ఐదు కోట్లు. ఇక్కడ పద్దులు రాసే సంఘంలో ఎవరి కుర్చీ ముందుంటే వాళ్ల ఊళ్లకు ఎక్కువ. రాబర్ట్ బర్డ్ అనే సెనేటర్ ఆ సంఘానికి పెద్దగా ఉన్న కాలంలో వేలిముద్రలు దాచే ఎఫ్‌బీఐ కేంద్రం వాషింగ్టన్ వదిలి ఆయన వెస్ట్ వర్జీనియా కొండల్లోకి నడిచొచ్చింది. ఆ రాష్ట్రంలో తిరిగితే ఏ రోడ్డు చూసినా, ఏ భవనం చూసినా ఆయన పేరే. పైగా నీటి పనులకు ఐదో వంతు ఊరివాళ్లే వేసుకోవాలి. ఇంజినీరు అంచనాలు రాయించాలి, అర్జీ రాయడం వచ్చినవాణ్ణి పెట్టుకోవాలి. నిజంగా డబ్బులేని ఊరు అడగడానికయ్యే ఖర్చు కూడా భరించలేదు. 2025 మార్చిలో బడ్జెట్ కుదరక పాత లెక్కలతోనే ఏడాదంతా సరిపెట్టుకున్నప్పుడు ఆ ఏటి అర్జీలన్నీ ఒక్క వేటుకి పోయాయి. పేరు రాసి ఉన్నంత మాత్రాన డబ్బు రాదు.

ఐదు కోట్లంటే సుమారు ఐదారు లక్షల డాలర్లు. ఇక్కడ ఒక పెద్ద పైపులైనుకే చాలదు. అక్కడ దాన్ని ఒంగోలు ఎంపీ ఏడు అసెంబ్లీ స్థానాలకు సర్దాలి. బస్ షెల్టరు, బడిలో గది, చేతిపంపు, అంతవరకే అది. శ్రీశైలం నీళ్లు కొండ తొలిచి తెచ్చే వెలిగొండ ప్రాజెక్టు లాంటివి ఏ ఎంపీ చీటీలోనూ పట్టవు. 1996లో దానికి పునాదిరాయి వేశారు, 2004లో మళ్లీ వేశారు. పద్దెనిమిది కిలోమీటర్లకు పైన పొడవున్న సొరంగాలు రెండు తవ్వారు. 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. ఆ రోజు నీళ్లు మాత్రం రాలేదు. ఇక్కడ కుళాయి తిప్పి చన్నీళ్లు కాస్త వేడెక్కేదాకా ధారగా వదిలేస్తుంటే నాకు ఎండాకాలం ట్యాంకరు వెనక పరిగెత్తే మా వీధి బిందెలు గుర్తొస్తాయి. అప్పుడు కంభం చెరువూ గుర్తొస్తుంది. వరదరాజమ్మ అనే రాణి కట్టించిందంటారు. ఆ తల్లి ఎవరికి అర్జీ పెట్టుకుందో, ఎవరు సంతకం చేశారో మనకెందుకు, అయిదు వందల ఏళ్లుగా ఆ కట్ట నిలబడి ఉంది.

పోయినేడు తర్లుపాడు నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. వాళ్ల వాడలో కమ్యూనిటీ హాలు కావాలట, ఎంపీకి ఎట్లా రాస్తే పని అవుతుందో చెప్పమన్నాడు. నేను ఈ దేశపు చరిత్రంతా చదివిన ఊపులో ఉన్నాను. స్థలం ఎవరిదో సర్వే నంబరుతో రాయి, పంచాయతీ తీర్మానం జతచెయ్యి, అంచనా ఎంతో ఇంజినీరుతో రాయించు, ఒక కాపీ కలెక్టరుకు పంపు, ఆ పని ఎంతవరకు వచ్చిందో ఇప్పుడు ఎంపీ నిధుల పోర్టల్‌లో కూడా చూడొచ్చు అని వరసగా చెప్పుకుపోయాను. ఇక్కడి మా సభ్యుడు అర్జీ కాగితం బయట పెట్టిన సంగతీ చెప్పాను. అంతా ఓపిగ్గా విన్నాడు.

"అవన్నీ పెడతాంలే బావా," అన్నాడు. "మీ అమెరికా సభ్యుడు ఏదడిగినా కాయితం బయట పెడతాడంటున్నావు గదా, వెలిగొండ నీళ్లు ఎప్పుడొస్తాయో కూడా ఆయన్నే ఓమాటు అడిగి చూడు."