చిన్నపిల్లల మాట నేర్పు - కుటుంబ నేపథ్యం

ఐదారేళ్లలోపు పిల్లల భాషాసామర్థ్యంపై ఇంటి ఆర్థిక స్థితి, తల్లి చదువు, ఇంట్లో సాగే మాటామంతీ ప్రభావం చూపుతాయి. తెలుగునాట దీనికి గట్టి ఆధారం 2002లో మొదలైన యంగ్ లైవ్స్ అధ్యయనం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 2,000 మంది పసివాళ్లను ఎంచుకుని, ఐదేళ్లు వచ్చాక వారి పదసంపదను పరీక్షించారు. నాలుగు బొమ్మలు ముందుంచి ఒక మాట చెబుతారు. సరిపోయే బొమ్మను బిడ్డ వేలితో చూపాలి. కలిగిన ఇళ్ల పిల్లలు, చదువుకున్న తల్లుల పిల్లలు బడి మెట్టెక్కకముందే ముందున్నారు.

అమెరికాలో హార్ట్, రిస్లీ అనే పరిశోధకులు 42 కుటుంబాలను చూసి 1995లో ప్రకటించిన, పేదింటి పిల్లలు తక్కువ మాటలు వింటారనే 'మూడు కోట్ల మాటల లోటు' మాత్రం అంత గట్టిది కాదు. ఇరుగుపొరుగు, అవ్వాతాతలు, అన్నలక్కల మాటలు అందులో సరిగా లెక్కకు రాలేదని తర్వాతి పరిశోధకులు తప్పుపట్టారు. పులికాట్ సరస్సుకు దగ్గర్లోని దొరవారిసత్రం మండలం వంటి చోట ఆ అభ్యంతరం సబబే. అక్కడి నేలపట్టు పక్షుల కేంద్రంలోని గూడబాతులను, చెరువు చేపలను ఇరుగుపొరుగు నోట విని పేరుపెట్టి పిలిచే బిడ్డ తెలివి బొమ్మల పరీక్షకు అందదు.

అంగన్‌వాడీల్లో పూర్వ ప్రాథమిక విద్య మూడేళ్లు నిండాకే మొదలవుతుంది. అప్పటిదాకా మాట నేర్పే భారం ఇంటిదే. మాట ఆలస్యమైతే ముందు వినికిడి పరీక్ష చేయించాలి. పేదరికం మీదికి నెట్టేయకూడదు.