లండన్ అగ్నిమాపక దళం పుట్టుక

1666 సెప్టెంబరు 2న పుడ్డింగ్ లేన్‌లోని ఒక రొట్టెల దుకాణంలో అంటుకున్న నిప్పు నాలుగు రోజుల్లో లండన్‌లో సుమారు 13,200 ఇళ్లను, 87 చర్చిలను బూడిద చేసింది. మంటలార్పడానికి అప్పట్లో నగరానికి ప్రత్యేకంగా దళమంటూ లేదు. తోలు బకెట్లు, చేతి పిచికారీలు, పక్క ఇళ్లను లాగి పడగొట్టే పొడవాటి కొక్కేలు మాత్రం ఉండేవి. వాటిని పట్టుకుని వీధి జనమే మంటలకు ఎదురెళ్లాలి.

ఆ విపత్తు తర్వాత, 1680 ప్రాంతంలో, నికొలస్ బార్బన్ అనే వ్యక్తి ఇళ్లకు అగ్ని బీమా మొదలుపెట్టాడు. ఇల్లు కాలితే డబ్బు చెల్లించాల్సింది కంపెనీయే కనుక, ఆర్పే మనుషులను కూడా కంపెనీలే పెట్టుకున్నాయి. థేమ్స్ నదిపై పడవలు నడిపేవారిని ఈ పనికి ఎక్కువగా తీసుకునేవారు. బీమా చేసిన ఇంటి గోడకు కంపెనీ గుర్తుతో చిన్న సీసపు పలక బిగించేవారు. తొలిరోజుల్లో ఆ పలకల మీద పాలసీ సంఖ్య కూడా ఉండేది. 1707 నాటి చట్టం ప్రతి పారిష్ (చర్చి పరిధిలోని ప్రాంతం) నీళ్లు చిమ్మే ఒక ఇంజను ఉంచుకోవాలంది కానీ, అసలు భారం కంపెనీల దళాలే మోశాయి.

ఒక్కో కంపెనీకి ఒక్కో దళం ఉండటం ఖర్చుతో కూడిన పని. అందుకే 1833లో ప్రధాన కంపెనీలు తమ దళాలను కలిపి ఒకే సంస్థగా చేసి, ఎడిన్‌బరోలో మంటలార్పే పనిలో పేరు తెచ్చుకున్న జేమ్స్ బ్రెయిడ్‌వుడ్‌ను అధిపతిగా నియమించాయి. దళంలో ఉన్నది సుమారు 80 మంది. వీధిలో నిలబడి నీళ్లు చిమ్మితే వృథా అని, లోపలికి వెళ్లి మంట మొదలైన చోటే నీరు పడేలా కొట్టాలని ఆయన నేర్పాడు. ఇంజనుకు రెండు వైపులా ఉన్న పొడవాటి పిడులను పైకీ కిందికీ ఆడించడానికి చాలామంది కావాలి. గుమిగూడిన జనంలోంచే వాళ్లను పిలిచి, కూలితోపాటు బీరు కూడా ఇచ్చేవారు.

1834లో పార్లమెంటు భవనం తగలబడినప్పుడు అందులోని వెస్ట్‌మినిస్టర్ హాలును కాపాడటంలో ఈ దళం పాలుపంచుకుంది. 1861 జూన్ 22న థేమ్స్ ఒడ్డున టూలీ వీధి గిడ్డంగుల్లో నిప్పంటుకుంది. జనపనార, పత్తి, కొవ్వు నిల్వలు మండుతుండగా గోడ కూలి బ్రెయిడ్‌వుడ్ ప్రాణాలు కోల్పోయాడు. ఆ మంటలు పూర్తిగా ఆరడానికి రెండు వారాలు పట్టింది.

ఆ నష్టంతో కంపెనీలు బీమా రుసుములు పెంచాయి. నగర రక్షణ ఇక తమ వల్ల కాదని ప్రభుత్వానికి తేల్చిచెప్పాయి. దీంతో 1865లో చట్టం వచ్చింది. 1866 జనవరి 1న మెట్రోపాలిటన్ ఫైర్ బ్రిగేడ్ ప్రజా సంస్థగా పనిలోకి దిగింది. ఖర్చుకు ఇంటి పన్నులో కొంత, ప్రభుత్వ నిధి, బీమా చేసిన ప్రతి 10 లక్షల పౌండ్ల ఆస్తికి కంపెనీల నుంచి 35 పౌండ్లు కేటాయించారు. బీమా ఉన్నా లేకపోయినా ప్రతి ఇంటినీ కాపాడటం అప్పటి నుంచి నగరం బాధ్యత అయింది. తొలి అధిపతి ఐర్ మాసీ షా ఎత్తులెక్కడం, ఆజ్ఞకు కట్టుబడటం అలవాటైన నావికులను దళంలోకి తీసుకుని, ఆవిరి ఇంజన్ల వాడకాన్ని పెంచాడు. 1904లో ఆ దళం పేరు లండన్ ఫైర్ బ్రిగేడ్‌గా మారింది.