కొరియన్ రెస్టారెంట్‌లో మనం ఆర్డర్ చేసే ‘ఆర్మీ స్ట్యూ’ వెనక అసలు కథ



పోయిన శనివారం పాత ఆఫీసు ఫ్రెండ్స్ నలుగురం హైదరాబాద్‌లో కొత్తగా తెరిచిన ఒక కొరియన్ రెస్టారెంట్‌కి వెళ్ళాం. అచ్చం కే-డ్రామాల్లో చూసినట్టే ఉంది. టేబుల్ మధ్యలో చిన్న స్టవ్, స్టీల్ చాప్‌స్టిక్స్, మనం అడక్కుండానే చిన్న చిన్న గిన్నెల్లో కిమ్చీ, మొలకలు. మెనూలో ‘ఆర్మీ స్ట్యూ’ అని కనిపించింది. పేరేదో గట్టిగా ఉంది కదా అని చెప్పేశాం.

వెడల్పాటి గిన్నె తెచ్చి స్టవ్ మీద పెట్టారు. కిమ్చీ, ఎర్రటి కారం, టోఫు... ఇంతవరకు ఓకే. వాటి పక్కనే డబ్బా మాంసం ముక్కలు, సాసేజ్‌లు, టమాటా సాస్‌లో ఉడికిన బీన్స్. పైన ఇన్‌స్టంట్ నూడుల్స్. ఆ పైన చీజ్ స్లైస్! “ఇదేంట్రా, ఫ్రిజ్‌లో మిగిలిందంతా తెచ్చి పోసినట్టుంది” అన్నాడు మావాడు. అందరం పగలబడి నవ్వాం.

ఇంటికొచ్చాక దీని గురించి చదివాను. మావాడు జోక్ అనుకొని చెప్పింది దాదాపు నిజం.

దీని కొరియన్ పేరు ‘బుదే జిగే’. బుదే అంటే సైనిక దళం, జిగే అంటే చిక్కటి పులుసు లాంటి కూర. ఇది పుట్టిన కాలానికి వెళ్దాం. 1950 జూన్ 25న కొరియా యుద్ధం మొదలైంది. 1953 జూలై 27న కాల్పుల విరమణ జరిగింది. (మన దేశం ఆ యుద్ధానికి పోరాడే సైన్యాన్ని కాదు, 60వ పారా ఫీల్డ్ అంబులెన్స్ అనే వైద్య దళాన్ని పంపింది. దాని మీద ఇంకో ఎపిసోడ్ చేద్దాం.) ఆ మూడేళ్ళలో ఊళ్ళకి ఊళ్ళే నేలమట్టమయ్యాయి. లక్షల మంది కట్టుబట్టలతో దక్షిణానికి వచ్చేశారు. తిండి లేదు, పని లేదు. మాంసం సంగతి చెప్పక్కర్లేదు.

కానీ ఒక చోట మాత్రం మాంసం ఉంది. అమెరికా సైనిక స్థావరాల్లో.

సోల్‌కి ఉత్తరాన ఉయ్‌జోంగ్‌బు అనే ఊరుంది. దాని చుట్టుపక్కల అమెరికా క్యాంపులుండేవి. అక్కడి మెస్‌లో సైనికులు తినగా మిగిలింది బయటికొచ్చేది. జనం దాన్ని పెద్ద బానల్లో మళ్ళీ మరగబెట్టి, గిన్నెల్లెక్కన అమ్మేవారు. దాని పేరు ‘కుల్‌కురి జుక్’. అంటే పందుల జావ అనుకోండి. కొరియన్‌లో పంది ‘కుల్ కుల్’ అని అరుస్తుంది, అందుకని ఆ పేరు. అందులో ఎవరో కొరికి వదిలేసిన మాంసం ముక్కలు, ఒక్కోసారి సిగరెట్ పీకలు కూడా వచ్చేవని అప్పటివాళ్ళు గుర్తు చేసుకుంటారు. అయినా దాని కోసం లైన్ ఉండేది.

బుదే జిగే, ఈ జావ ఒకటి కాదు. కానీ రెండూ వచ్చింది ఆ క్యాంపు గేటు నుంచే. క్యాంపులో పనిచేసే కొరియన్ల చేతుల మీదుగా హామ్, సాసేజ్, స్పామ్ డబ్బాలు దొంగచాటుగా బయటికొచ్చేవి. ఉయ్‌జోంగ్‌బులో హో గి-సుక్ అనే ఆవిడ 1960లో చేపల కేకులు అమ్మే చిన్న కొట్టు పెట్టింది. కస్టమర్లు ఈ మాంసం తెచ్చి వండిపెట్టమనేవారు. ముందు వేయించి ఇచ్చేది. అన్నంలోకి కావాలంటే కిమ్చీ, కారం వేసి పులుసు చేసింది. ఆ కొట్టు పేరు ఓడెంగ్ సిక్‌దాంగ్, అంటే చేపల కేకుల హోటల్. పేరు అలాగే ఉంది, ఫేమస్ అయింది మాత్రం ఈ పులుసుతో. అమెరికా సరుకు బయట దొరికితే నేరం కాబట్టి అప్పట్లో అధికారులతోనూ తిప్పలే.

మరి నూడుల్స్ ఎక్కణ్ణుంచి వచ్చాయి? సమ్యాంగ్ పేరు మీకు తెలుసు, ఫైర్ నూడుల్స్ ఛాలెంజ్ చేసి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాం కదా! ఆ కంపెనీ పెట్టిన చోన్ జుంగ్-యున్ ఒకరోజు సోల్‌లోని నమ్‌దేమున్ మార్కెట్‌లో ఆ పందుల జావ కోసం నిలబడ్డ లైన్ చూశాడట. జపాన్ నుంచి మెషిన్లు, టెక్నాలజీ తెచ్చి 1963 సెప్టెంబర్ 15న కొరియాలో మొదటి ఇన్‌స్టంట్ నూడుల్స్ ప్యాకెట్ అమ్మాడు. ధర 10 వోన్లు. అప్పట్లో బియ్యం కొరత. బియ్యం ఆదా చేయమని ప్రభుత్వం ఎంత గట్టిగా చెప్పిందంటే, బడిలో టీచర్లు పిల్లల లంచ్ బాక్సులు తెరిపించి, అన్నంలో బార్లీ కలిపారా లేదా అని చెక్ చేసేవారు. గోధుమపిండి మాత్రం అమెరికా సాయంగా వచ్చేది, పీఎల్-480 అనే 1954 నాటి చట్టం కింద.

ఈ పీఎల్-480 దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే 1956 నుంచి అదే చట్టం కింద మన దేశానికీ గోధుమలు ఓడల్లో వచ్చాయి.

మా నాన్న గోధుమరవ్వ ఉప్మా ముట్టుకోరు. మా ఇంట్లో అదొక జోక్. అమ్మ చేస్తే ఆయన పెరుగన్నం కలుపుకుంటారు. ఆ రాత్రి ఫోన్ చేసి ఈ స్ట్యూ కథంతా చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నారు: “మా బళ్ళో కూడా అమెరికా రవ్వ ఉప్మా పెట్టేవాళ్ళురా. పసుప్పచ్చగా ఉండేది. నేను బడికెళ్ళిందే దానికోసం. సగం తిని, సగం చెల్లికి జేబులో వేసుకొచ్చేవాణ్ణి. నూనె మరకలు చూసి పిల్లలు ఏడిపించేవాళ్ళు.”

ఇన్నేళ్ళలో ఈ మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. ఆయనకి ఆ ఉప్మా నచ్చక కాదు. అది గుర్తు చేసేది నచ్చక.

కొరియాలో ఇప్పుడు ఉయ్‌జోంగ్‌బులో బుదే జిగే కోసమే ఒక వీధి ఉంది. స్పామ్‌ని 1987 నుంచి కొరియాలోనే తయారు చేస్తున్నారు. చుసోక్ పండక్కి గిఫ్ట్ బాక్సుల్లో పెట్టి ఇచ్చుకుంటారు. ఒకప్పుడు దాచుకుని తిన్నదాన్ని ఈరోజు మెనూలో పేరు పెట్టి అమ్ముతున్నారు. కానీ ఆ పేరు మార్చలేదు చూడండి. ‘సైనిక స్థావరం పులుసు’ అనే ఉంచారు. ఎక్కణ్ణుంచి వచ్చిందో దాచలేదు. నాకు బాగా నచ్చింది అదే. అందరికీ నచ్చాలని లేదు. ఆ రోజులు చూసిన పెద్దవాళ్ళలో దాన్ని తినలేనివాళ్ళూ ఉంటారు, మా నాన్న లాగా. అది కూడా చరిత్రే.

కాబట్టి ఈసారి ఆర్మీ స్ట్యూ ఆర్డర్ చేస్తే ఫొటో తీసుకోండి, రీల్ పెట్టుకోండి, నేనూ పెట్టాను. అలాగే ఇంటికెళ్ళాక అమ్మనో, నాన్ననో, నానమ్మనో ఒక్క మాట అడగండి: “చిన్నప్పుడు ఆకలేస్తే మీరేం తినేవాళ్ళు?” వెంటనే జవాబు రాకపోవచ్చు. కొంచెం ఆగండి.

నాన్న వచ్చే నెల హైదరాబాద్ వస్తున్నారు. ఆ రెస్టారెంట్‌కి వస్తారా అని అడిగాను. “కారంగా ఉంటుందా?” అన్నారు. ఉంటుందన్నాను. “అయితే చూద్దాంలే” అన్నారు.

మళ్ళీ కలుద్దాం. అప్పటిదాకా కడుపు నిండా తినండి!