చిలగడదుంప: తీగలో దాగిన చరిత్ర



శివరాత్రి ఉపవాసానికి మన ఇళ్లలో ఉడికే చిలగడదుంపను రాయలసీమలోనూ, బళ్ళారి, కోలారు వైపునా గెనుసుగడ్డ అంటారు. తెలంగాణలో అది మోరంగడ్డ. పొరుగున తమిళులకు సర్కరవల్లి కిళంగు, మరాఠీలకు రతాళే, ఒరియావారికి కందమూల. ఇన్ని పేర్లు వింటే ఇది అనాదిగా మన నేలదే అనిపిస్తుంది. కాని దీని పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణమండలం. 1492లో కొలంబస్ యాత్ర తరువాత ఐరోపాకు చేరింది. ఆ పైన పోర్చుగీసువారి ద్వారా మన తీరానికి వచ్చింది. పసిఫిక్ దీవులలో మాత్రం అంతకు ముందే ఉంది.

మరి ఈ కొద్ది శతాబ్దాలలో ఇన్ని రకాలు ఎలా వచ్చాయి?

మనిషి కణంలో క్రోమోజోములు 46 అయితే, చిలగడదుంప కణంలో 90. అవి ఆరు సమితులుగా ఉంటాయి. పైగా ఒక మొక్క పుప్పొడి సాధారణంగా ఆ మొక్కకే పనికిరాదు. పరాయి మొక్క పుప్పొడి కావాలి. అందువల్ల గింజ నుంచి మొలిచిన ప్రతి మొక్కా తల్లికి భిన్నంగా, కొత్తగా ఉంటుంది. రైతు నాటేది గింజను కాదు, తీగముక్కను. కనుక నచ్చిన రకం మారకుండా నిలుస్తుంది. అరుదుగా తీగలోని ఒక మొగ్గలోనే మార్పు వచ్చి, దుంప రంగు మారుతుంది. అలాంటివాటిని కనిపెట్టి, ఏరి నిలిపినవారు రైతులే. అలా ఎర్రతోలువి, తెల్లతోలువి వచ్చాయి. లోపలి కండ తెలుపు, పసుపు, నారింజ, ఊదా. ఆకు ఒకదానిది హృదయాకారం, మరొకదానిది చేతివేళ్లలా చీలినది. కొన్ని మూడు నెలలకే ఊరతాయి, కొన్నింటికి ఐదు నెలలు పడుతుంది.

ఈ తేడాలు చూపుకు మాత్రమే కాదు. నారింజ కండలోని బీటా కెరోటిన్‌ను మన శరీరం విటమిన్ ఎ గా మార్చుకుంటుంది. అది రేచీకటిని నివారిస్తుంది. ఇటువంటి దుంపలను ఆఫ్రికాలో వ్యాప్తి చేసిన శాస్త్రవేత్తలకు 2016లో ప్రపంచ ఆహార బహుమతిలో భాగం దక్కింది. 1963లో తిరువనంతపురంలో ఏర్పడిన కేంద్రీయ దుంప పంటల పరిశోధనా సంస్థ కూడా నారింజ రంగు భూ సోనా, ఊదారంగు భూ కృష్ణ రకాలను రూపొందించింది. కొత్త రకానికి మూలధనం పాత రకాలే.

అయితే వరి గింజల్లా ఈ పంటను గాదెలో దాచలేం. ఒక్క వేసవిలో తీగ ఎండిపోతే ఆ రకం అక్కడితో సరి. గింజ మొలిపించినా అదే రకం తిరిగి రాదు.

కనుక శ్రోతలారా, మీ పెరట్లో తాతలనాటి గెనుసుతీగ ఉంటే, బావిగట్టునో, తొట్టి పక్కనో నాలుగు ముక్కలు నాటి వేసవి దాటించండి. పొరుగువారికి ఒక ముక్క ఇవ్వండి. ఒకచోట పోయినా మరొకచోట బతుకుతుంది.

సెలవు.