ఫారలాన్ దీవులు

సాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు పశ్చిమముగా, గోల్డెన్ గేట్ దాటిన పిమ్మట సుమారు 30 మైళ్ల దూరమున, పసిఫిక్ మహాసముద్రములో నిటారైన శిలలు కొన్ని కలవు. అవియే ఫారలాన్ దీవులు. పరిపాలన రీత్యా అవి ఆ మహానగరములోని భాగమే. అయినను వాటిలో ఆగ్నేయదీవి యొక్కదానియందే, అదియు కొలదిమందియే, మనుష్యులు నివసించిరి. మహానగరమునకు పొరుగున నుండుట ఎంతటి భారమో ఈ దీవుల చరిత్ర మనకు తెలుపును.

1848లో కాలిఫోర్నియాలో బంగారము బయటపడెను. అప్పటికి వేయిమంది జనముగల సాన్‌ఫ్రాన్సిస్కో, మరుసటి యేడు ముగియునప్పటికి సుమారు పాతికవేలమందితో క్రిక్కిరిసెను. బంగారము దొరకినను కోడిగ్రుడ్డు దొరకుట దుర్లభమయ్యెను. అంతట వ్యాపారుల దృష్టి ఫారలాన్ శిలలపై గుంపులుగా పొదుగు మర్ అను సముద్రపక్షులపై పడెను. దాని గ్రుడ్డు కోడిగ్రుడ్డునకు దాదాపు రెండింతలుండును. కాని ఆ పక్షిజంట ఏటికి పెట్టునది ఒక్క గ్రుడ్డే. అదియు గూడు లేక, వట్టిరాతిపైన.

గ్రుడ్లు ఏరువారు తొలుత కనబడినవాని నెల్ల పగులగొట్టెడివారు. తరువాత దొరకునవి తాజావని నిశ్చయముగా తెలియవలెను గదా! పోయినదానికి బదులుగా పక్షి మరియొకటి పెట్టగా, దానినిగూడ కొనిపోయెడివారు. 1854లో రెండు నెలలు నిండకమునుపే 5 లక్షలకు పైగా గ్రుడ్లు నగరమున అమ్ముడుపోయెను. ఈ లాభమునకై 1863లో పసిఫిక్ ఎగ్ కంపెనీవారికిని, పోటీదారులకును తుపాకులతో పోరు జరిగి ఇద్దరు మరణించిరి.

1855లో అచ్చట దీపస్తంభము నిర్మించిన ప్రభుత్వము, 1881లో సైనికులను పంపి కంపెనీని వెడలగొట్టెను. అయినను ఏరుట ఆగలేదు. 1879లో పెటలూమా పట్టణమున ఇంక్యుబేటరు రూపొందినది మొదలు కోళ్లపెంపకము వర్ధిల్లి, ఈ వర్తకమున లాభము సన్నగిల్లెను. నిషేధము 1896లో గాని రాలేదు. శాసనముకంటె కోడియే పక్షులకు ముందుగా తోడ్పడినదనవచ్చును.

1909లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఉత్తరపు శిలలను పక్షిరక్షిత ప్రదేశముగా ప్రకటించెను. ఆగ్నేయదీవి 1969లోగాని అందు చేరలేదు. ఈలోపల, 1946 మొదలు 1970 వరకు, 47,000కు పైగా పీపాల అణువ్యర్థములను ఆ పరిసర సముద్రమున పారవైచిరి.

1968 నుండి పక్షిశాస్త్రజ్ఞులు దీవియందు వసించి పక్షులను లెక్కింపసాగిరి. 1972లో దీపము స్వయంచాలకము కాగా దాని కావలివారు వెడలిపోయిరి. ఒకనాడు కొన్నివేలకు తగ్గిపోయిన మర్ పక్షులు మరల లక్షలకు పెరిగెను. ఒక అర్ధశతాబ్దమున మహానగరము తిన్నదానిని ప్రకృతి మరల కూర్చుకొనుటకు ఇంచుమించు నూరేండ్లు పట్టినదని మనము గ్రహింపవలెను.