గొడ్లచావిట్లో జీపు

పుట్టింటి నుంచి వేళకాని వేళ ఫోనొస్తే గుండె ఝల్లుమనని ఆడది వుంటుందా? మొన్న మధ్యాహ్నం తమ్ముడు ఫోను చేసినప్పుడు నాకూ అంతే అయింది. వాడికి నా సంగతి తెలుసు గనక "అమ్మ బాగానే వుందక్కా" అని ముందే చెప్పేసి, తరువాత అసలు విషయంలోకి వచ్చాడు.

"నాన్న జీపు కొంటానని బెజవాడ నుంచి ఒకాయన వచ్చాడు. బండి మొత్తం అక్కర్లేదట. ముందు జాలీ, అద్దం ఫ్రేము, వెనక హౌసింగు, గేరుబాక్సు చాలట. మొత్తం బండికి వచ్చేదానికంటే వీటికే ఎక్కువ ఇస్తానంటున్నాడు. మిగిలింది తుక్కు కింద తూకానికి వేసుకోమంటున్నాడు. ఏం చెయ్యమంటావు?"

మా వూరు తాడికొండ దాటాక లోపలికి వుండే పల్లె. 2015లో అమరావతి రాజధాని కోసం మావాళ్ళు కూడా పొలం భూసమీకరణకి ఇచ్చేశారు. పొలం లేకపోయాక గొడ్లూ లేవు. గొడ్లు లేని చావిట్లో ఒక మూల జీపు ఒక్కటే మిగిలింది. ఇప్పుడా చావిడి కూడా పడగొట్టి తమ్ముడు ఇల్లు పెంచుకోవాలి. పైగా వాడి కూతురికి కాలేజీ ఫీజు కట్టే రోజులు. కాదనడానికి నాకు నోరు రాలేదు. సరేననడానికీ రాలేదు. "రెండు రోజులాగరా" అన్నాను.

ఆ రెండు రోజులూ నేను చేసిన పని, జీపు పుట్టుపూర్వోత్తరాలు చదవడం. నాన్నగారి పక్కన కూర్చుని అన్నేళ్ళు తిరిగాను గాని, అది ఎక్కడ పుట్టిందో, మా గడపకి ఎలా వచ్చిందో ఏనాడూ అడగలేదు.

1940లో యూరప్‌లో యుద్ధం జరుగుతూ వుండగా అమెరికా సైన్యానికి తేలికైన, ఎలాంటి నేల మీదయినా పోగల చిన్న బండి కావలసి వచ్చింది. 135 కంపెనీలకు కబురు పెట్టారు. 49 రోజుల్లో నమూనా బండి తెచ్చి చూపించాలి. అంత గడువులో చెయ్యగలమని ముందుకు వచ్చి, చేసి చూపించింది బాంటమ్ అనే చిన్న కంపెనీ. కార్ల్ ప్రోబ్‌స్ట్ అనే ఇంజనీరు రెండు రోజుల్లో బొమ్మలు గీసేశాడట. సెప్టెంబరు 23న బండి సైన్యం ముందుకు వచ్చింది.

ఇంత చేసినా బాంటమ్‌కి దక్కింది తక్కువే. అది చిన్న కంపెనీ, కావలసినన్ని బండ్లు చెయ్యలేదని, పెద్ద ఆర్డర్లు విల్లీస్‌కీ, ఫోర్డ్‌కీ ఇచ్చారు. యుద్ధం ముగిసేలోగా ఆ రెండూ కలిసి సుమారు 6,40,000 జీపులు తయారుచేశాయి. వంట ఒకరిది, వడ్డన ఇంకొకరిది, పేరు మూడోవారిది కావడం మన ఇళ్ళలో కొత్తేమీ కాదు కదా!

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి వుంది. యుద్ధరంగంలో ఒక బండి పాడైతే పక్కబండిలోది విప్పి దీనికి బిగించుకోవాలి. అందుకని విల్లీస్ వాళ్ళ సామాను ఫోర్డ్ బండికీ, ఫోర్డ్ సామాను విల్లీస్ బండికీ అమిరేటట్టు ఒకే కొలతల్లో చేశారు. అయినా ఫోర్డ్ వాళ్ళు తమ సామాను తమదని తెలియడానికి బోల్టుల తలల మీద కూడా 'ఎఫ్' అక్షరం వేశారు. పెళ్ళిళ్ళలో మారిపోకుండా మనం గిన్నెల మీద పేర్లు కొట్టించుకుంటామే, అలాగన్నమాట. అయినా పదిళ్ళు తిరిగిన గిన్నెలు ఇంటికి ఎలా చేరతాయో, జీపు సామానూ అలాగే కలగాపులగమై పోయింది.

యుద్ధం అయిపోయాక ఈ బండ్లన్నీ ఏమయ్యాయి? ఫిలిప్పీన్స్‌లో వదిలేసిన జీపుల్ని అక్కడివాళ్ళు సాగదీసి, బల్లలు వేసి, రంగులు పూసి 'జీప్నీ' అనే జనం బండిగా మార్చుకున్నారు. మన దేశంలో మిగిలిపోయిన అమెరికా సైనిక సామాను చాలావరకు 1946లో భారత ప్రభుత్వం పరమైంది. దాన్ని డిస్పోజల్స్ పేరుతో అమ్మేవారు. మన పెద్దవాళ్ళు గట్టి గుడ్డ సంచి చూపించి "ఇది డిస్పోజల్సులోది" అని గొప్పగా చెప్పడం మీలో కొందరికైనా గుర్తుండే వుంటుంది. జీపులూ ఆ దారినే బయటికి వచ్చాయి.

పాత జీపు బేరంలో దెబ్బ తిన్నవాళ్ళు, తినబోయేవాళ్ళు సిగ్గుపడనక్కర లేదు. ప్రభుత్వానికే తప్పలేదు. 1948లో కాశ్మీరు పోరు నడుస్తూ వుండగా, సైన్యానికి వాడిన జీపుల్నే బాగుచేయించి కొనడానికి లండన్‌లోని మన హైకమిషనర్ కృష్ణమీనన్ సుమారు 80 లక్షల రూపాయల బేరం కుదిర్చారు. తీరా వచ్చిన 155 జీపులూ పనికిరావన్నారు. పార్లమెంటులో పెద్ద గొడవైంది. 1955లో హోంమంత్రి గోవింద వల్లభ పంత్ ఆ వ్యవహారం ముగిసిపోయిందని చెప్పేదాకా అది నలుగుతూనే వుంది. స్వతంత్రం వచ్చాక మొదటి కుంభకోణం అని దీన్నే చెప్పుకుంటారు.

ఈలోగా 1947 నుంచి బొంబాయిలో మహీంద్రా వాళ్ళు విల్లీస్ సామాను తెప్పించి ఇక్కడే జీపులు బిగించడం మొదలుపెట్టారు. క్రమంగా ఇక్కడే తయారుచేశారు. బానెట్టు ఎత్తుగా వుండే ఆ మోడలును అమెరికాలో 1968లో ఆపేసినా, మన దేశంలో ఆ తరువాత కూడా చాలా ఏళ్ళు చేశారు. 1959లో పంచాయతీ సమితులు వచ్చాక మన జిల్లాల్లో జీపంటే సమితి జీపే. ప్రెసిడెంటుగారి దర్జా అంతా దాంట్లోనే వుండేది. ఎర్ర త్రికోణం వేసుకుని కుటుంబ నియంత్రణ జీపు వస్తే పెద్దవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవారు. మైకు కట్టుకుని సినిమా జీపు వస్తే పిల్లలం వెంటపడి రంగు కాగితాలు ఏరుకునేవాళ్ళం.

అయితే మిలిటరీ జీపునీ, మామూలు జీపునీ గుర్తుపట్టడం ఎలా? బెజవాడ ఆయన మా జీపు చుట్టూ పెళ్ళిచూపులకి వచ్చిన మేనత్తలా తిరిగి చూశాడట. ముందు జాలీలో నిలువు గళ్ళు లెక్కపెట్టాడు. యుద్ధకాలపు రేకు జాలీకి 9 గళ్ళు. 1945 తరువాత జనం కోసం చేసిన విల్లీసులకి 7. మిలిటరీ జీపుకి వెనక తలుపు వుండదు, స్పేర్ చక్రం అక్కడ తగిలిస్తారు. రైతులు సామాను వేసుకోవాలని మామూలు జీపుకి వెనక రేకు తలుపు పెట్టి, చక్రాన్ని పక్కకి మార్చారు. మిలిటరీ దాంట్లో పెట్రోలు పోయాలంటే డ్రైవరు లేచి, సీటు ఎత్తాలి. టాంకు దాని కిందే!

మా జీపుకి జాలీ గళ్ళు 9. వెనక తలుపు లేదు. బోల్టుల్లో కొన్నిటి మీద 'ఎఫ్' వుంది, కొన్నిటి మీద లేదు. అంటే ఒళ్ళు యుద్ధకాలపుది. మిగతాది? నాన్నగారు 1972లో ఒక వేలంలో కొన్నప్పటికే అది ఎన్ని చేతులు మారిందో. 1973 చివర్లో అరబ్బు దేశాలు చమురు ధర పెంచితే, పెట్రోలు భరించలేక ఆయన ఇంజను తీయించేసి డీజిలు ఇంజను పెట్టించారు. గేరుబాక్సు మద్రాసు పుదుపేట పాత సామాన్ల కొట్లలోంచి లారీ మీద వచ్చింది. ముందు హౌసింగు ఏదో కండెమ్ చేసిన సర్కారు జీపుది. బెజవాడ ఆటోనగర్లో ఆయనకి తెలియని షెడ్డు లేదు. అమ్మ మాత్రం "ఈ బండి తిన్నంత బంగారం నా మెళ్ళో వుండేది" అని సణిగేది.

అమ్మ ఆ సణుగుడు మానేసిన రోజు నాకు బాగా తెలుసు. 1981 వానాకాలం. నేను తొలికాన్పుకి పుట్టింటికి వచ్చాను. రాత్రి పదింటికి నొప్పులు మొదలైనాయి. కొండవీటి వాగు పొంగి, నల్లరేగడి డొంకలన్నీ బురదగుంటలైనాయి. ఎడ్లబండి కదలదు, బస్సు వచ్చే మాటే లేదు. నాన్నగారు జీపు తీసి, ముందు చక్రాలకి కూడా గేరు వేసి, గుంటూరు పెద్దాసుపత్రికి బయలుదేరారు. సగం దారిలో ఇంజను ఆగిపోయింది. డీజిలు పైపులో గాలి పట్టిందట. చిమ్మచీకటి. టార్చి తడిసి వెలగలేదు. ఆయన బానెట్టు ఎత్తి, హెడ్‌లైటు పట్టున్న రెక్కనట్టు వదులు చేసి, లైటుని వెనక్కి తిప్పారు. వెలుగంతా ఇంజను మీద పడింది. నేను పళ్ళు బిగబట్టుకుని వుండగా, అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆ వెలుగు వంకే చూస్తూ కూర్చుంది. గాలి తీశారు. బండి కదిలింది. తెల్లవారుజామున మా పెద్దవాడు పుట్టాడు.

ఇన్నాళ్ళూ ఆ లైటు అలా తిరగడం నాన్నగారి తెలివనే అనుకున్నాను. మొన్న చదివితే తెలిసింది, చీకట్లో బండి బాగుచేసుకోవడానికి మిలిటరీ జీపులకి హెడ్‌లైట్లు వెనక్కి తిరిగేలా పెట్టారట. ఎక్కడో యుద్ధంలో సిపాయిల కోసం ఆలోచించిన ఏర్పాటు, మా పల్లె డొంకలో ఒక కాన్పుకి పనికివచ్చింది! నేనొక్కదాన్నే కాదు, మా వీధిలో ఎంతమంది ఆడవాళ్ళు ఆ జీపులో ఆసుపత్రికి వెళ్ళారో అమ్మకే లెక్క తెలుసు.

ఆ జీపుకి గడ్డురోజూ వచ్చింది. 1987లో పత్తి మీద తెల్లదోమ పడింది. మందు మీద మందు కొట్టినా చావలేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పులు తీర్చలేక ప్రాణాలు తీసుకున్న రైతుల వార్తలు చదివి వణికిపోయేవాళ్ళం. నాన్నగారు జీపు బేరం పెట్టారు. కొనేవాడు లేడు, అందరూ అమ్మేవాళ్ళే. చివరికి ఎడ్ల జత అమ్మారు. జీపుని చావిట్లోకి తోసి, ఇక డీజిలు పోయలేదు.

ఇప్పుడు పాత జీపులకి రోజులు వచ్చాయి. 2021లో కేంద్రం పాతబండ్లకి కొత్త నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటిన బండిని 'వింటేజ్' కింద నమోదు చేసుకోవచ్చు. నంబరులో 'వి.ఎ.' అక్షరాలు వస్తాయి. మొదటి ఫీజు 20,000 రూపాయలు. అయితే షరతు ఏమిటంటే చాసీ, బాడీ, ఇంజను పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలో వుండాలి. మా జీపు ఆ పరీక్షలో మొదటి ప్రశ్నకే తప్పుతుంది. వాడకుండా అద్దాలమేడలో దాచిన బండికి గౌరవం, బురదలో కాన్పులకి తిరిగిన బండికి తూకం ధర!

ఎవరైనా పాత జీపు కొనబోతుంటే ఇంట్లో ఆడవాళ్ళు ఒక్కటి అడగండి: చాసీ మీద కొట్టిన నంబరూ, పుస్తకంలో నంబరూ ఒకటేనా? కాగితం ఒక బండిది, ఒళ్ళు ఇంకో బండిది అయితే, ఎంత మెరిసినా వద్దనండి. 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలయి, పేరు మారిందాకా పూర్తి డబ్బు ఇవ్వనివ్వకండి.

రెండో రోజు సాయంత్రం వూరికి వెళుతూ అమరావతిలో ఆగాను. మ్యూజియంలో స్తూపం రాళ్ళు చూస్తుంటే జీపే గుర్తొచ్చింది. దీపాలదిన్నె అని పిలిచే ఆ దిబ్బను 1797లో మెకంజీ దొర చూశాడు. 1816లో మళ్ళీ వచ్చేసరికి చాలా రాళ్ళు తరలిపోయాయి. 1845లో ఇలియట్ దొర తవ్వించినవి మద్రాసు చేరి, వాటిలో చాలా భాగం 1859లో ఓడెక్కి లండన్ వెళ్ళాయి. ఇప్పుడు నూటికి పైగా అక్కడ, కొన్ని మద్రాసులో, కొన్ని ఇక్కడ. ఏ ముక్కకి ఆ ముక్క అందమే. కానీ ఎక్కడ నిలబడితే స్తూపం కనబడుతుంది?

"ముక్కలుగా వద్దురా, తక్కువ వచ్చినా మొత్తంగా ఇద్దాం" అన్నాను తమ్ముడితో. "తేడా ఎవరిస్తారక్కా?" అన్నాడు. న్యాయమైన మాటే. "సగం నేనిస్తాను" అన్నాను. ఆ తరువాత గుంటూరు కుర్రాడొకడు, డీజిలు ఇంజనుతో సహా అలాగే బాగుచేసుకుంటానంటే వాడికి ఖాయం చేశాం.

బండి తీసుకుపోయే రోజు అమ్మ చావిడి గుమ్మంలో నిలబడి, "ఆ ఎడం వైపు లైటు మాత్రం నాకిచ్చి పొమ్మను" అంది.

తమ్ముడు నా వంక చూసి నవ్వాడు. "ముక్కలుగా వద్దన్నది నువ్వేగా?"

నేనేమీ మాట్లాడలేదు. ఆ కుర్రాడే స్పానరు తీసుకుని వచ్చాడు. "దానిదేముందండీ, లైటు ఎక్కడైనా దొరుకుతుంది" అన్నాడు.