కన్యాశుల్క నాటకమున వంచనాపరంపర

లోకమున వంచన రెండు తెరగులుగా నుండును. పరులను వంచించుట యొకటి. తనవారిని వంచించుట రెండవది. మొదటిదానికి న్యాయస్థానములును దండనీతియు గలవు. రెండవదానికి సాక్ష్యము దొరకుట యరుదు. ఏలయన, వంచించువాడును వంచింపబడువాడును ఒకే పంక్తిని భుజించువారు. ఈ రెండవ తెరగు వంచనను సమగ్రముగ చిత్రించిన తెలుగు నాటకములలో గురజాడ వేంకట అప్పారావుగారి కన్యాశుల్కము అగ్రగణ్యము. అందు బావమరది బావను, శిష్యుడు తండ్రిని, మిత్రుడు మిత్రుని, మధ్యవర్తి యిరుపక్షముల వారిని వంచింతురు. చూచువారు కడుపుబ్బ నవ్వుదురు. ఆ నవ్వునకు మూలమైన విషయము మాత్రము నవ్వదగినది కాదు.

ఈ నాటకము 1892వ సంవత్సరమున విజయనగరమున జగన్నాథ విలాసినీ సమాజమువారిచే ప్రథమమున ప్రదర్శింపబడెను. 1897లో అచ్చుపడి, సంస్థానాధీశ్వరులైన ఆనంద గజపతి మహారాజుగారికి అంకితమయ్యెను. మహారాజుగారు ఆ యేటనే దివంగతులైరి. 1909లో వెలువడిన రెండవ కూర్పున గ్రంథకర్త నాటకమును మిక్కిలి పెంచి, పాత్రలకు నూతనమైన పుష్టి నొసగి, ఏడంకములుగ తీర్చెను. నేడు లోకము చదువుచున్నది ఈ రెండవ కూర్పే. రచన యంతయు వ్యావహారిక భాషలో సాగుటచే భాషావాదచరిత్రమున దీనికి ప్రత్యేకస్థానము గలిగినది. కాని భాషను గూర్చిన చర్చ హెచ్చిన కొలదియు, నాటకమునకు పుట్టుక నిచ్చిన లెక్కలు మరుగునపడినవి.

ఆ లెక్కలు ఎట్టివో చూడదగును. మహారాజుగారు విశాఖపట్టణ మండలమున సామాన్య బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహముల పట్టిక నొకదానిని వ్రాయించిరి. ప్రథమ ముద్రణమునకు ఆంగ్లమున వ్రాసిన పీఠికలో గ్రంథకర్త దాని సారము నిచ్చియున్నారు. పట్టిక కెక్కిన వివాహములు 1034. వధువులలో అయిదేండ్లవారు 99, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది ప్రాయమువారు 3. కూడి చూచినచో అయిదేండ్లకు మించనివారు 188 మంది యగుదురు. అనగా నూటికి పదునెనమండుగురు. చంకబిడ్డల వెల 350 మొదలు 400 రూపాయల వరకు నుండెను. గర్భస్థశిశువులకు సయితము బేరములు కుదురుచుండెనని పీఠికయందు గలదు. శుల్కము పుచ్చుకొంటిమని యొప్పుకొనుటకు జనులు వెనుదీసినందున ఆ పట్టికయు సంపూర్ణము కాదు. ఈ దురాచారము నరికట్టుటకు మహారాజుగారు చెన్నపురి శాసననిర్మాణసభలో ప్రవేశపెట్టిన చట్టపుచిత్తు శాసనము కాలేదు.

ఒప్పుకొనుటకు వెనుదీయుట యను ఆ యొక్కమాట నాటకమునకెల్ల తాళపుచెవి వంటిది. మనుస్మృతి తృతీయాధ్యాయమున కన్యకు శుల్కము గొనుట సంతానవిక్రయముగ నిందితమైనది. ద్రవ్య మిచ్చి కన్యను గొనుట ఆసుర వివాహమని పరిగణింపబడినది. అగ్రహారమున వేదము చెప్పుకొన్నవారికి ఈ సంగతి తెలియదనుట పొసగదు. తెలిసియు చేయుచుండిరి, చేసియు దాచుచుండిరి. కావున నాటకములోని వంచన గిరీశముతో గాని కరటకశాస్త్రితో గాని పుట్టినది కాదు. వారు రంగమున ప్రవేశించుటకు ముందే ఇంటి పెద్దలు వివాహమను పేర నొక వర్తకమును నడపుచుండిరి. తక్కినవారు పెద్దల నుండి నేర్చిన విద్యనే చిన్న యెత్తున ప్రయోగించిరి.

కథాక్రమము చూచిన నిది స్పష్టపడును. కృష్ణరాయపుర అగ్రహారికుడు అగ్నిహోత్రావధానులు పెద్దకూతురు బుచ్చమ్మను ముసలివాని కిచ్చి యామె వైధవ్యమును కన్నులార చూచుచున్నవాడు. అయినను రెండవకూతురు సుబ్బిని రామచంద్రపుర అగ్రహారమందలి వృద్ధుడును పిసినిగొట్టును నగు లుబ్ధావధానుల కిచ్చుటకు నిశ్చయించెను. భార్య వెంకమ్మ ఏడ్చినను వినలేదు. ఆమె నూతబడినను మనసు మార్చుకొనలేదు. అప్పు డామె అన్నదమ్ముల వరుసవాడైన కరటకశాస్త్రి మేనకోడలిని కాపాడబూని, తన శిష్యుడు మహేశమునకు ఆడువేషము వేసి, తక్కువ వెలకు దొరకు కన్యగా లుబ్ధావధానుల ముంగిట నిలిపెను. తగవులమారి రామప్పంతులు మధ్యవర్తిత్వపు లాభము నాశించి తానును మోసపోయెను. వేశ్య మధురవాణి తెలిసియే తోడుపడెను. వివాహము జరిగెను. మహేశము వేషము విడిచి పారిపోయెను.

ఇందు గమనింపదగిన దొకటి కలదు. మగపిల్లవాడు వధువుగా చెల్లుట ప్రహసనములకు సహజమైన యుక్తియని తలచి విమర్శకు లనేకులు దీనిని దాటిపోదురు. అది యుక్తిమాత్రము కాదు. కొనువాని దృష్టి వెలమీద నిలిచినదే కాని వధువుమీద నిలువలేదు. వెల తగ్గుటయే యామె సుగుణము. మనుష్యుని సరకుగ చూచు బజారులో సరకేమో పరిశీలించువాడే లేడని గ్రంథకర్త నవ్వుచు నిరూపించెను. మరియు, మేనకోడలిని రక్షింపబూనిన కరటకశాస్త్రి శిష్యుని కాసచూపిన బహుమానము తన కూతురు నిచ్చి పెండ్లిచేయుట. ఒక బాలికను బేరమునుండి తప్పించుటకు మరియొక బాలికను పందెముగ నొడ్డవలసివచ్చెను. సదుద్దేశముగల వంచకుడును అలవాటైన నాణెమునే చెల్లించెను.

గిరీశము వంచన వేరొక జాతికి చెందినది. విజయనగరమున అప్పులును అపకీర్తియు మీదబడగా, పరీక్ష తప్పిన శిష్యుడు వెంకటేశమునకు చదువుచెప్పు నెపమున అతని గ్రామము చేరెను. తండ్రి కోపమునుండి కాపాడు గురువు శిష్యునకు కావలెను. తలదాచుకొను చోటు గురువునకు కావలెను. ఈ యిరువురి స్నేహము పరస్పరావసరముల పొత్తు. ఆంగ్లపు ముక్కలతో అగ్నిహోత్రావధానులను మెప్పించి, వ్యాజ్యపు కాగితములకు తర్జుమాదారుగా నాతని నమ్మకము చూరగొనెను. పిమ్మట వితంతూద్వాహ ధర్మము నుపన్యసించి బుచ్చమ్మను లేవదీసికొని పోయెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున ప్రథమ వితంతువివాహము జరిపించియుండిరి. ఆ మహాకార్యపు పలుకులనే గిరీశము తన కూటసాధనములుగ చేసికొనెను.

ఇందుచే గ్రంథకర్త సంఘసంస్కరణమును పరిహసించెనని యొక ఆక్షేపణము పుట్టుటకు అవకాశము గలదు. అది నిలువదు. సంస్కరణపక్షమున సత్పురుషుడైన సౌజన్యారావు పంతులును గ్రంథకర్త నిలిపెను. బుచ్చమ్మను గిరీశము చేతినుండి తప్పించి పూనాలోని వితంతు శరణాలయమునకు చేర్చు తెరవును ఆయనచేతనే చూపించెను. పరిహాసము ధర్మముపై కాదు, ధర్మమును కిరాయికి తెచ్చుకొను నాలుకపై. శాస్త్రము చెప్పి శుల్కము గొను తండ్రియు, సంస్కరణము చెప్పి ఆ తండ్రి కూతురును తస్కరించు గురువును ఒకే కొమ్మకు గాచిన కాయలు.

హాస్యము ఇచ్చట చీకటికి తిరుగును. కనబడని వధువును చంపినాడని లుబ్ధావధానులపై హత్యాభియోగము వచ్చెను. పుట్టని కన్యకు మరణము. మరణింపని దానికి విచారణ! పూజారి గవరయ్య దయ్యమును సీసాలో బంధించితి నని నమ్మించుచుండ, పోలీసులు లాభము వెదకుచుండ, వధువు కొరకు మధురవాణి యొద్ద ఎరువు తెచ్చిన కంటెను తిరిగి యీయలేక రామప్పంతులు ఆమె వాకిట నిలిచి వేడుకొనుచుండెను. ఒక్కరైన సత్యము పలికినచో చిక్కు విడును. పలుకుటకు ఎవనికిని నోరు రాదు. ఏలయన సత్యము పలుకువాడు తన పాలును ముందుగ నొప్పుకొనవలెను. తుదకు సత్యము చెప్పినది లోకము వంచకురాలని నిందించు వేశ్య. ఆ సత్యమును సౌజన్యారావు గడప దాటుటకు పురుషవేషము ధరింపవలసివచ్చెను. అసత్యము నడివీథిని నడచు సంఘమున సత్యమే మారువేషమున తిరుగవలసియుండుట కంటె దారుణమగు హాస్యము లేదు.

ఇంతమంది మాటలాడిన నాటకమున ఎవరి కొరకు ఈ కథ యంతయు నడచెనో ఆ సుబ్బి పలుకు మిక్కిలి స్వల్పము. ఆమె యిష్టమును అడుగు తలంపు తండ్రికే గాక రక్షింపబూనినవారికిని బలముగ కలిగినట్లు కానరాదు. మహారాజుగారి పట్టికలో వయస్సును వెలయు మాత్రమే మిగిలిన 188 మంది బాలికలకు ఈమె ప్రతినిధి.

కాలము మారినది. 1929లో బాల్యవివాహ నిరోధశాసనము కన్యల కనీస వయస్సును పదునాలుగేండ్లుగ నిర్ణయించెను. శుల్కాచారము క్రమముగ నశించి, దాని స్థానమున వరకట్నము ప్రబలెను. దానిని నిషేధించుచు 1961లో శాసనము పుట్టెను. 1955లో ఈ నాటకము చలనచిత్రముగను వెలువడెను. శుల్కము నెరుగని ప్రేక్షకులును గిరీశమును చూచి నవ్విరి. సొమ్ము ప్రవహించు దిక్కు మారినది గాని, బేరమును బంధుత్వమను పేరున దాచు నేర్పు మారలేదు. ఆ నేర్పు నిలిచినంత కాలము ఈ నాటకము పాతబడదు. పాతబడినచో నది గ్రంథకర్తకు లోపము కాదు. ఆయన కోరిన ఫలమే యగును.